అక్క ముట్టిన మిరప విత్తనాలు

పెరుగు డబ్బాలో వేసిన మిరప విత్తనాలు ఈ పొద్దున మొలిచాయి. తొమ్మిది రోజులుగా నాకు సరిగా నిద్ర లేదు. నీళ్లు ఎక్కువైతే కుళ్లుతాయని, తక్కువైతే ఎండుతాయని ఒకటే భయం. తీరా మొలకలు చూడగానే మా అక్క గుర్తొచ్చి కడుపు మండింది.

మన ఈడు వాళ్లకు తెలుసు కదా, నారుమడిలో విత్తనాలు చల్లాలంటే చెయ్యి చలవైన వాళ్లనే పిలిచేవాళ్లు. మా ఇంట్లో ఆ చెయ్యి అక్కది. నేను దగ్గరికి పోతే అవ్వ, "నువ్వు దూరంగా కూచోమ్మీ, నీ దిగులుకే అవి సచ్చిపోతాయి" అనేది.

ఒక ఏడు అక్కకు జ్వరమొచ్చింది. ఇక నా వంతే అనుకున్నాను. అవ్వ విత్తనాల చేటను మంచం దగ్గరికి తీసుకుపోయి, అక్క చేత ముట్టించి, అప్పుడు నాకిచ్చింది. చల్లింది నేను. గడ్డి కప్పి, కోళ్లను తోలి, నీళ్లు చిలకరించింది నేను. నారు ఒత్తుగా వచ్చింది. నారు కోసం వచ్చిన వాళ్లందరితో అవ్వ, "జరంలో ఉండి ముట్టుకున్నా ఎట్లొచ్చిందో సూడండి" అంది.

అందుకే ఈరోజు బనగానపల్లెలో ఉన్న అక్కకు ఫోన్ చేసి, ఎవరూ ముట్టకుండా నేనే మొలిపించానని చెప్పాను.

"ఇత్తనాలు యాడివి మే?"

"నువ్వు పంపిన ఎండుమిరపకాయల్లోవే."

"ఇంగేం, నేను ఎండబెట్టినవే గదా. నా చెయ్యి తగిలినాక మొలవకుండా యాడికి పోతాయి."

నారు నాటే రోజు మాత్రం అక్కకు చెప్పను. చెప్పకపోతే బతుకుతాయో లేదోనని అప్పుడే దిగులు పట్టుకుంది.