మంచు మీద రాళ్లు తోయించిన మా వియ్యపురాలు

మొన్న ఆదివారం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కూర్చుని ఉంటే, ఎవరో టీవీ చానెళ్లు మారుస్తూ మారుస్తూ ఒక ఆట దగ్గర ఆగారు. తెల్లటి మంచు నేల మీద ఒకమ్మాయి మోకాలు మడిచి జారుతూ వచ్చి, పిడి ఉన్న గుండ్రటి రాయిని మెల్లగా వదిలింది. ఇంకో ఇద్దరమ్మాయిలు దాని ముందు పరుగెత్తుతూ చీపుర్ల లాంటివి పట్టుకుని నేలను గబగబా రుద్దుతున్నారు. "ఇదేం ఆట ఆంటీ, ఇల్లు ఊడ్చినట్టుంది" అని నవ్వింది పక్క ఫ్లాటు అమ్మాయి. నేను ఊరుకోలేకపోయాను. "ఊడ్చేది కాదు మా, అది. రుద్దితే మంచు పైపొర రవ్వంత కరుగుతాది. అప్పుడు రాయి ఇంకొంచెం దూరం పోతాది, వంకర తక్కువ తిరుగుతాది. ఆ చివర నిలబడి అరుస్తా ఉండాది చూడు, ఆ పిల్లే కెప్టెను" అన్నాను. ఆ అమ్మాయి టీవీని వదిలేసి నన్ను చూడడం మొదలుపెట్టింది. బళేపేటలో మా గాజుల అంగడి వెనక ఇంట్లో కాపురం చేసి, ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని మనిషికి ఈ సంగతులన్నీ ఎట్లా తెలుసునని ఆమె ఆశ్చర్యం. ఆ ఆట పేరు కర్లింగ్. మా వియ్యపురాలు రష్యా ఆడపిల్లల కర్లింగ్ జట్టుకు కోచ్‌గా పనిచేసింది. ఆమె వల్ల మా ఇంట్లో నేను తిన్నన్ని షాకులు, నా అరవై ఏళ్లలో మరెవరి వల్లా తినలేదు.

మావాడు ఆఫీసులో తనతో పనిచేసే రష్యా అమ్మాయిని చేసుకుంటానని చెప్పినప్పుడు తగిలింది మొదటిది. ఆ రోజు మా ఆయన అంగట్లో ఎర్ర గాజులు అడిగినామెకు పచ్చవి చుట్టి పంపించారు. ఆమె తిరిగొచ్చి గొడవ పెట్టుకుంటే పసుపువి ఇచ్చారు. సరే, పిల్లను చూశాక మెత్తబడ్డాం. అందం సంగతి అటుంచండి, నేర్చుకునే మనిషి. నా దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి "పాలు పొంగతా ఉండాది అత్తా" అని అచ్చం మా బళేపేట మాటే మాట్లాడుతుంది. మావాడి స్నేహితులు విని పడిపడి నవ్వుతారు. పెళ్లికి మాత్రం వాళ్లమ్మ రాలేదు. ఎందుకని అడిగితే పోటీల సీజన్ అన్నారు. ఆమె కోచ్ అని మావాడు అందరికీ చెప్పాడు. మన వాళ్లకు కోచింగ్ అంటే ఒకటే అర్థం. మా చిన్నత్త నన్ను పక్కకు పిలిచి, "మీ వియ్యపురాలు కోచింగ్ సెంటర్ నడపతా ఉందంట కదా, మా మనవడికి ఇంజనీరింగ్ ఎంట్రన్సుకు చెప్తాదేమో అడుగు" అంది.

ఆ దేశం యుద్ధంలోకి దిగాక వాళ్ల జట్లను బయటి దేశాల పోటీలకు రానివ్వడం ఆపేశారు. ఆమె జట్టు పిల్లలు ఏడాదంతా తయారవడం, ఎక్కడికీ పోలేకపోవడం. మెల్లగా ఒక్కొక్కరే పెళ్లిళ్లని, ఉద్యోగాలని వెళ్లిపోయారట. మిగిలిన జట్టును ఇంకెవరికో అప్పగించారు. సరిగ్గా అప్పుడే మా కోడలికి నెలలు నిండాయి. కూతురి కాన్పుకు తల్లి రావడం మనకు మామూలే కాబట్టి, వియ్యపురాలు వస్తుందంటే నేను సంతోషించాను. విమానాశ్రయంలో బయటికి వచ్చిందావిడ. నిటారైన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, నీలం రంగు ఆటల కోటు. ఎన్నో ఏళ్ల తర్వాత చూస్తున్న కూతురు కడుపుతో ఎదురుగా నిలబడి ఉంటే, చెయ్యి చాచి కరచాలనం చేసింది. కోడలు కూడా అట్లాగే చెయ్యి కలిపి, అక్కడ బడిపిల్లలు పంతుళ్లను పిలిచినట్టు, ఆమె పేరూ ఆమె తండ్రి పేరూ కలిపి పిలిచింది. పైగా 'మీరు' అంటోందని దారిలో మావాడు నా చెవిలో చెప్పాడు. పదేళ్లప్పుడు తల్లి దగ్గర ఆట నేర్చుకోవడం మొదలుపెట్టిందట. మంచు మీద అమ్మ అనకూడదని తల్లి పెట్టిన నియమం ఇంట్లోకీ వచ్చేసిందట.

మనవరాలు పుట్టింది. కాన్పు కోసం నేనూ మా ఆయనా కూడా మావాడి ఫ్లాటులోనే ఉన్నాం. బెంగళూరు చలికి నేను పసిదానికి టోపీ పెట్టి, చెవులు మూసి, రెండు దుప్పట్లు చుడితే, ఆవిడ ఒక్కొక్కటీ విప్పి బాల్కనీలో గాలికి పడుకోబెట్టేది. నేను లబోదిబోమని ఎత్తుకొచ్చేదాన్ని. వాళ్ల ఊళ్లో మంచు కురుస్తున్నా పిల్లల్ని బయటే నిద్రపుచ్చుతారట. కోడలు చెబితే విని, సగం రోజు నాకు అన్నం సయించలేదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి నేల తుడుస్తుంటే ఆవిడ ఊరికే చూడలేకపోయేది. కర్ర ఎక్కడ పట్టుకోవాలో, ఒంటి బరువు దాని మీద ఎట్లా వెయ్యాలో వంగి చూపించేది. "ఆంటీ, ఈయమ్మ నాకు ట్రైనింగ్ ఇస్తా ఉండాది, జీతం పెంచాల మీరు" అని పనమ్మాయి. వంటగదిలో నల్ల గ్రానైటు గట్టును అరచేత్తో నిమిరి, కళ్లు మూసుకుని ఏదో అనుకునేది. నా తడి గ్రైండరు మూత తీసి లోపలి రాళ్లను తట్టి చూసింది. ఆ ఆట రాయి కూడా గ్రానైటేనట, దాదాపు ఇరవై కిలోలు ఉంటుందట.

అది అవరేకాయల కాలం, అనపకాయలంటారే అవి. పితికిపప్పు కోసం నానబెట్టిన గింజల పొట్టు తీయడానికి పొద్దున పూట ముగ్గురం హాల్లో కూర్చునేవాళ్లం. ఆవిడ ఒక్కరోజులో నాకంటే వేగంగా పితకడం నేర్చుకుంది. చలికాలంలో అట్లా ఇంటిపట్టున కూర్చోవడం తన జీవితంలో అదే మొదటిసారని అంది. కోడలు మధ్యలో కూర్చుని ఆవిడ మాటలు నాకూ, నా మాటలు ఆవిడకూ చెప్పేది. ఆవిడ కథంతా నాకు అట్లాగే తెలిసింది. వయసులో ఉన్నప్పుడు మంచు మీద పరుగు పందాల మనిషి. మోకాలు దెబ్బతిని, ఒక బడిలో వ్యాయామం టీచరైంది. కర్లింగ్ అనేది ఆ దేశానికి అప్పుడప్పుడే వస్తోంది. పై అధికారి పిలిచి, ఆడపిల్లలకు నేర్పమన్నాడు. అప్పటికి ఆవిడ ఆ ఆటను కంటితో చూడలేదు! రాళ్లు లేవు. గిన్నెల్లో నీళ్లు గడ్డకట్టించి, పైన పిడి అతికించి, వాటినే తోయించింది. మంచు హాకీ వాళ్ల మైదానం తెల్లవారకముందు ఖాళీగా ఉంటే, పిల్లల్ని నిద్ర లేపి అక్కడికి తీసుకుపోయేది. ఆ పిల్లలే కొన్నేళ్లకు దేశం జట్టులోకి వెళ్లారు. వాళ్లతో పాటు ఈవిడా వెళ్లింది. నేను చేతిలో గింజలు పట్టుకుని అట్లాగే వింటూ ఉండిపోయేదాన్ని.

ఒకరోజు ఆవిడ ఫోనులో ఒక ఫొటో చూపించింది. మెడల్లో పతకాలతో అమ్మాయిలు, పక్కన ఈవిడ. నేను కళ్లద్దాలు సర్దుకుని మా కోడలి కోసం వెతికాను.

"నువ్వేడుండావు మా, ఇందులో?"

"నేను లేను అత్తా. నన్ను తీసేసినారు" అంది కోడలు, గింజ పితుకుతూనే.

"ఎవరు తీసేసింది?"

గడ్డంతో తల్లిని చూపించింది. "కోచ్."

ఆ పోటీలకు ముందు జట్టులో ఒక్క చోటు మిగిలిందట. దానికి ఇద్దరు పిల్లలు, మా కోడలూ, ఇంకొక అమ్మాయీ. అందరి ముందూ తల్లి నిలబడి, "నీ చెయ్యి బరువు, రాయి వదిలేటప్పుడు తేలిక లేదు" అని కూతురిని తీసేసింది. జట్టు గెలిచి పతకం తెచ్చింది. కోడలు మళ్లీ రాయి ముట్టుకోలేదు. కంప్యూటర్ చదువులోకి మారి, ఇల్లు వదిలి, దేశాలు దాటి బెంగళూరు వచ్చింది. ఇదంతా ఆమె ఊరి వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"అడుగు మా. కన్నబిడ్డను తీసేసేదానికి మనసెట్ల వచ్చింది అని అడుగు."

"వద్దులే అత్తా, పాత కథ."

"నేనడగతా ఉండానని చెప్పు. నువ్వు కాదు."

కోడలు నవ్వుతూనే, అత్తగారి చాదస్తం అన్నట్టు ముఖం పెట్టి, రష్యన్‌లో అడిగింది. ఆవిడ చేతులు తుడుచుకుంది. తర్వాత నన్నే చూస్తూ నాలుగైదు మాటలు మాట్లాడింది. అంతే. కోడలి ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, రంగు మాత్రం పోయింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, ఎవరూ లేవలేదు. "ఏమనింది మా?" అన్నాను, అడగకుండా ఉంటే బాగుండేదని అడుగుతూనే అనిపించింది.

కోడలు తల్లిని చూస్తూ, నాతో తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "ఇద్దరం సమానం అంట అత్తా. ఏం తేడా లేదంట. నా చెయ్యి బరువు కాదంట. నేను కూతురు కాబట్టి తీసేసిందంట. నన్ను పెట్టుకుంటే, సొంత బిడ్డను పెట్టుకుందని అందరూ అంటారని. సమానం అని చెప్తే నేను కొట్లాడతానని, చెయ్యి బరువు అని చెప్పిందంట."

"అయితే పక్కింటోళ్ల బిడ్డయ్యుంటే నిన్ను ఉంచేదా?" అన్నాను. కోడలు అదీ అడిగింది. ఆవిడ ఉంచేదాన్నని తలూపింది. దాపరికం లేదు, కన్నీళ్లూ లేవు. కోడలు లేచి, ఉయ్యాలలో నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. కోడలు తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు, బిడ్డను ఆమె చేతికి ఇవ్వలేదు. ఆవిడ పొద్దున్నే లేచి గిన్నెలన్నీ కడిగేసి, బాల్కనీలో నిలబడి కింద చెట్లను చూసేది. మావాడికి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక ఆఫీసులోనే ఎక్కువ సేపు ఉండేవాడు. "రెండు దేశాల నడమ నేనేం చేసేదప్పా" అని మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆవిడ తిరుగు టికెట్టు ముందుకు మార్చమని మావాడిని అడిగిందని విన్నాక, అగ్గి రాజేసింది నేనేనని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక ఉదయం ఆవిడ నీలం కోటు వేసుకుని, భోజనాల బల్ల దగ్గర నిటారుగా కూర్చుని, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి ఎవరికో వీడియో కాల్ చేసింది. బిడ్డకు తల స్నానం చేయించి, హాల్లో సాంబ్రాణి పొగ పడుతున్నాం మేం. ఫోనులో ఒకమ్మాయి నవ్వు ముఖం కనబడింది. ఫొటోలో మెడలో పతకంతో చూసిన ముఖమే. ఆ ఒక్క చోటు దక్కినమ్మాయి. "ఆ పిల్లకు కూడా నిజం చెప్తాదంట" అని కోడలు నాతో గొణిగింది. ఆవిడ గొంతు సవరించుకుని, జట్టు ముందు నిలబడినట్టు, గట్టిగా మొదలుపెట్టింది. ఒక వాక్యం. రెండో వాక్యం సగంలో ఉండగా కోడలు బిడ్డను ఎత్తుకుని ఒక్క ఉదుటున లేచింది.

"మామా!"

బాల్కనీలో మా ఆయన పేపరు దించారు. కోడలు ఆయనను పిలిచేది అట్లాగే మరి. "ఏం మా, పిలిస్తివా?" అంటూ చెప్పులు వెతుక్కుంటూ లోపలికి వచ్చారు. కోడలు ఆయన వైపు చూడలేదు. బల్ల దగ్గరికి పోయి తల్లి చేతి మీద చెయ్యి వేసి, "మామా, నె నాదా" అంది. వద్దు అని అర్థమట. తర్వాత బిడ్డను ఫోను ముందు పెట్టింది. అవతలి అమ్మాయి కేరింత కొట్టింది. మాటలు బిడ్డ ముక్కు మీదికి, జుట్టు మీదికి మళ్లిపోయాయి. ఆవిడ ఫోనుకు కనబడకుండా పక్కకు జరిగి, తన చేతి మీద ఉన్న కూతురి చేతిని చూస్తూ కూర్చుంది. అంతసేపూ ఆ చెయ్యి తీయలేదు, ఇద్దరిలో ఎవరూ.

వాళ్ల భాషలో అమ్మను మామా అంటారని మధ్యాహ్నం కోడలు చెబితే, మా ఆయన సిగ్గుపడి, "నన్నే అనుకుంటిని" అని నవ్వారు. నేను మాత్రం అడిగాను, ఏల ఆపినావు, చెప్పనీయాల్సింది కదా అని. "ఆ పతకం ఆమెకు ప్రాణం అత్తా. ఇప్పుడు పొయ్యి, నీకూ నా కూతురికీ తేడా లేదు, ఊరికే నీకిచ్చినా అంటే ఆమె ఏమైతాది? నాకు జరిగిందే ఆమెకూ జరగతాది" అంది. "మరి నీకు?" అంటే, చెయ్యి చాపి వేళ్లు కదిపి చూసుకుంది. "నా చెయ్యి బరువు కాదు. అది తెలిసింది. చాలు."

"అమ్మను క్షమించినట్టేనా?"

"ఇంకా లేదు" అంది, బిడ్డకు గౌను తొడుగుతూ. "చూస్తా."

వియ్యపురాలు టికెట్టు మార్చుకోలేదు. వేసవి దాకా ఉండి, మామిడికాయ పచ్చడి తినడం నేర్చుకుని వెళ్లింది. విమానాశ్రయంలో కరచాలనానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, ఏం చేయాలో తెలియక కూతురి భుజం తట్టింది. ఇప్పుడు తన ఊళ్లో చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. వారానికొకసారి ఫోను చేస్తుంది. కోడలు ఒకరోజు మామా అంటుంది, ఇంకొకరోజు పాత పద్ధతిలో తండ్రి పేరు కూడా కలిపి పిలుస్తుంది. ఆ పిలుపును బట్టి ఆ వారం వాళ్ల మధ్య ఎట్లా ఉందో నేను కనిపెట్టేస్తాను. గడిచిపోయిన ఏళ్లు రాయిలా ఎక్కడ ఆగాయో అక్కడే ఉండిపోతాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎప్పుడో పదేళ్ల తర్వాత ఒక్క మాట వింటే అవీ కదులుతాయని, ఈ వయసులో చూశాను.