రిమోట్‌లో మా బాలయ్య

మా ముత్తాత బషీరాబాద్ దిక్కున ఏడూళ్ల శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. మా తాత పోలీసు పటేలు. ఆయన చప్పట్లు కొడితే ముగ్గురు పరుగెత్తుకొచ్చేవారట. నా వంతుకు ఊళ్లూ పోయాయి, ముగ్గురూ పోయారు, చప్పట్లు మిగిలాయి. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. తాండూరులో నాపరాళ్ల దుకాణంలో గుమాస్తాను (ఇంటికొచ్చిన వాళ్లకు మాత్రం మేనేజర్ని). అతిథుల ముందు లేచి స్విచ్ వేయడం వంశానికే మచ్చ అని నా గట్టి నమ్మకం.

మిగిలిన నాపరాతి చెలక, మూడెకరాల మెట్ట, అమ్మకానికి పెట్టాం. చూడటానికి ఒక పాలిషింగ్ యూనిట్ యజమాని వస్తున్నాడు. వాళ్ల తాత ఒకప్పుడు మా గొర్రెలు కాశాడు. మాకు అవసరం పడిందని పసిగడితే ధర తెగ్గోస్తాడు. అందుకే రిమోట్‌తో పనిచేసే ప్లగ్గులు రెండు తెచ్చి, కూలర్‌కూ ఫ్యాన్‌కూ తగిలించాను. ఒళ్లో కండువా, దాని కింద రిమోట్. పిలవడానికి లోపల ఒక నౌకరును కూడా కల్పించి బాలయ్య అని పేరు పెట్టాను.

“లేనోన్ని పిలుసుడేంది కొడకా? నేనే ఏస్త తియ్యి,” అంది అమ్మ.

“పటేలింటి ఆడవాళ్లు స్విచ్‌లు వెయ్యరు,” అన్నాను. (అప్పటికి ఆమె పది బిందెల నీళ్లు మోసి ఉంది.)

అతను వచ్చి కూర్చున్నాడు. “బాలయ్యా, కూలర్ వెయ్.” కూలర్ మోగింది. “ఫ్యాన్ గూడ.” ఫ్యాన్ తిరిగింది.

“నీ మనిషి మంచిగ మాటింటడు పటేలా.”

“మూడు తరాల నుంచి ఉన్నాడు,” అన్నాను.

అతను జేబులో తాళాలు కదిపాడు. కూలర్ ఆగిపోయింది. “నిన్నెవడు ఆపమన్నడు బాలయ్యా?” అని నొక్కాను. మోగింది. మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కాను. వంటింట్లో అమ్మ నవ్వాపుకోలేక దగ్గుతోంది. చివరికి అతను తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. దానికి నా రిమోట్‌లాంటిదే మరొకటి వేలాడుతోంది.

“ఒక్క దుకాణంలనే కొన్నట్టున్నం. మా ఆఫీసు కూలర్‌కు తెచ్చిన. నీ బాలయ్య నా మాట గూడ ఇంటున్నడు,” అని, “ఆ కండువ తియ్యి పటేలా, ఉడకపోస్తది,” అన్నాడు.

ధర అతనే చెప్పాడు, తక్కువే. అమ్మ చాయ్ తెచ్చి, “జర పెంచు నాయినా, బాలయ్యకు జీతమియ్యాలె,” అంది. అతను పగలబడి నవ్వాడు, నవ్వుతూనే పెంచాడు.

ఇప్పుడు ఫ్యాన్ నేనే లేచి వేసుకుంటాను, వీపు వంచకుండానే అనుకోండి. కండువా కింద చెమటలు కక్కుతూ అంత నిటారుగా కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. చెలక మూడెకరాలూ ఆ వారమే అతని పేరున రిజిస్ట్రేషన్ అయింది.