అరవై ఎనిమిది ట్యాంకర్లు

పోయిన వారం మా కాలనీ పార్కులో దీపస్తంభం కోసం గుంత తవ్వుతుంటే నీలిరంగు పింగాణీ పలకలు బయటపడ్డాయి. తూంకుంట పక్కన వెలిసిన ఈ కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు వాటిని వింతగా చూశారు. అక్కడ ఒకప్పుడు ఈతకొలను ఉండేదనీ, ఎవరైనా దిగొచ్చనీ చెబితే నవ్వారు. దాన్ని మూయించిన కాగితం రాసింది నేనేనని మాత్రం చెప్పలేదు.

తొంభైల చివర అది. నేను సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం. కనిపించినదల్లా కొలిచి, వరుస నంబరు వేసి నోటుబుక్కులో రాసుకునే రోగం నాకప్పటికే ముదిరింది. అవ్వ చేసే సకినాల చుట్లు కూడా లెక్కపెట్టేవాణ్ని. కొలను మీద ఇరుగుపొరుగు మాటలనూ అలాగే రాసిపెట్టుకున్నాను. ఒకటి, ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు: ఆడవాళ్లు తడిబట్టలతో నలుగురిలో తిరగడమా! రెండు, మూలింటి కిరాణా సేటు: ఈదిన పిల్లలకు ఆకలేస్తుంది, బిస్కెట్లు కొంటారు, ఉండాల్సిందే. మూడు, మా నాయిన: "బోర్లు ఎండుతుంటె ఈతలేందిరా?" నాలుగోది గోడ అవతలి చిన్నమ్మది.

చిన్నమ్మ మాకు చుట్టం కాదు. పుట్టింది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకుని బతికే ఇంట్లో; చిన్నాయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి పోయేవాడు. బస్సు దిగుతూ పడి తుంటి విరిగాక కర్ర లేకుండా ఆమె నాలుగడుగులు వేయలేకపోయేది. నడక ఆపితే కాళ్లు పడిపోతాయని డాక్టరు చెప్పాడు. ఆడవాళ్లకు వదిలిన పగటి గంటలో చీర కచ్చపోసి కొలనులో దిగితే మాత్రం, అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఉత్త చేతులతో నడిచేది. "నీళ్లు మోస్తయి బిడ్డా, మనుషులే మొయ్యరు" అనేది, చిన్నాయనకు వినబడేటట్టు.

ఆ ఎండాకాలం బోర్లు నిజంగానే మొరాయించాయి. కొలను నీళ్లు మార్చి మళ్లీ నింపడానికి నలభై ట్యాంకర్ల లోపైతే ఉంచుదాం, దాటితే మూసేద్దాం అని కాలనీ పెద్దలు తీర్మానించారు. లెక్క తీసే పని నాయిన గర్వంగా నాకప్పగించాడు. పొడవు, వెడల్పు టేపుతో కొలిచాను. లోతు కోసం తాడుకు రాయి కట్టి నిచ్చెన దగ్గర వదిలాను. ఎనిమిది అడుగులు. నీళ్లలో ఉన్న చిన్నమ్మ నవ్వింది.

"ఒక్క తాననే కొలిస్తె ఎట్ల ఇంజినీరు సారూ? గిటు సూడు, నా నడుము దాంకనే ఉన్నయి."

"నడుముతోని కొలుస్తరా చిన్నమ్మా?" అన్నాను. కొలను కావాలి కాబట్టి తక్కువ చెబుతోందని కూడా అనుకున్నాను.

మీటింగులో నా కాగితం చదివారు. అరవై ఎనిమిది ట్యాంకర్లు.

"అరవై ఎనిమిదా! మనం బిందెల కాడ కొట్లాడుతుంటె?" అని ఎవరో అరిచారు. హెడ్మాస్టరు నా భుజం తట్టారు. చిన్నమ్మ కర్ర పట్టుకుని లేచింది, నా వైపు చూసింది, మళ్లీ కూర్చుంది. వానలు పడేదాకా మూస్తామన్న కొలనును ఆ వానలకు ముందే మట్టితో పూడ్చేశారు.

రెండేళ్ల తర్వాత, మొదటి ఉద్యోగంలో ఒక సంపు లెక్క వేస్తూ పెన్ను ఆపేశాను. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కచోటి లోతుతో మొత్తం గుణించకూడదు. మా కొలనులో ముప్పావు భాగం, చిన్నమ్మ చూపించినట్టే, నడుము లోతు; మూడడుగులే. మళ్లీ వేశాను. ముప్పై ఆరు ట్యాంకర్లు.

ఆ సాయంత్రమే చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఆమె మంచం పట్టి అప్పటికి ఆర్నెల్లు. తప్పు చెప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"లెక్క తప్పని నాకెరుకనే బిడ్డా. గా దినం చెప్దామనే లేసిన. మీ నాయిన నిన్ను సూసి మస్తు మురుస్తుండె. నలుగుర్ల నీ ఇజ్జత్ తీసుడెందుకని కూసున్న." కొంగుతో నా కళ్లు తుడిచి, "ఇగ ఏడ్వకు. పోయిన కాళ్లు నాయి, నీయి గావు" అంది.

ఆ చలికాలం దాటకుండానే ఆమె పోయింది.

ఆ రెండేళ్లలో నేను చదువు ముగించాను, ఉద్యోగంలో చేరాను, కొత్త బండి కొన్నాను. ఆమె నడక వీధి దాకా ఉన్నది గుమ్మం దాకా, గుమ్మం దాకా ఉన్నది వంటింటి దాకా తగ్గి, మంచం దగ్గర ఆగిపోయింది. మా ఇళ్ల మధ్య తొమ్మిదంగుళాల గోడ. ఇటు నేను ఎదిగిన కాలం, అటు ఆమె తరిగిపోయిన కాలం ఒక్కటేనంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.