పిట్టల కోసం అక్క తిరిగిన తిరుగుడు

మా అక్క బట్టలు కుడుతుంది. కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయినా మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టే రకం. పెరడు మాత్రం బావది. ఆయన పొద్దున్నే అక్కడ నిలబడి ఈల వేస్తే పసుపు పొట్ట పిట్టలు బదులు పలికేవి.

పోయిన ఏడాది బావకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పెరడు అక్క చేతికొచ్చింది. నెలనెలా కలుపు తీసే ఆవిడ వచ్చి నున్నగా చేసిపోయేది. ఆవిడ వచ్చినప్పుడల్లా బావ ఎడమచేత్తో కిటికీ ఊచలు కొడుతూ "ఊ, ఊ" అనేవాడు. "దుమ్ము పడట్లేదు పాపం" అని అక్క కిటికీ రెక్కలు మూసేది.

మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది, "ఈలతోనైనా మొదలుపెట్టించండి. ఇంకా ఆలస్యమైతే కష్టం."

ఈల వేయించడానికి పెరట్లో పిట్ట ఒక్కటైనా మిగిలితే కదా!

ఇక మొదలైంది నా ఖర్మ. పిట్టలు రావాలంటే ఇక్కడి నేలలో పుట్టిన మొక్కలే ఉండాలని ఎవరో అక్క చెవిలో వేశారు. అవేమిటో కనుక్కోవడానికి నేనూ, నా స్కూటరూ, వెనక సీట్లో అక్కా. నర్సరీవాడు నిగనిగలాడే ఆకుల మొక్క చూపించి, "దీన్ని పురుగైనా ముట్టదండీ" అన్నాడు గొప్పగా. పురుగు ముట్టనిదాని దగ్గరికి పిట్టెందుకొస్తుందయ్యా? వ్యవసాయం ఆఫీసులో "ఎన్ని ఎకరాలు?" అన్నారు. "నాలుగు మంచాలు పడతాయి" అంది అక్క. అది పార్కులవాళ్ళు చూడాలట. పార్కుల ఆఫీసరు బల్లమీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టుకుని, అర్జీ రాసుకు రమ్మన్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి కలుపు తీసే ఆవిడ గోడవార ముళ్ళకంప మొలకను పీకబోతోంది. అక్క తన గోడు ఆవిడకీ వెళ్ళబోసుకుంది.

"నెలనెలా దీన్ని మీరే పీకమంటారు, పిట్టలు రావట్లేదని మీరే అంటారు" అందావిడ విసుగ్గా. "దీని నల్లపళ్ళకే కదమ్మా వచ్చేవి. అయ్యగారి చేతిలో ఉన్నప్పుడు ఇది గోడంత ఉండేది."

"మరి చెప్పవేం?"

"నన్నెవరడిగారు? అయ్యగారు వద్దు వద్దని కిటికీ కొడుతూనే ఉన్నారుగా. మీరే మూసేశారు."

అక్క ఆవిడ చేతిని మొలక మీంచి తీసేసింది. తర్వాత, మళ్ళీ పళ్ళు ఎప్పుడు కాస్తాయని అడిగింది. రెండేళ్ళు పడుతుందట. నాకు ఏడుపొచ్చింది.

అక్క లోపలికెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. బావ పక్కన కూర్చుని, పెదాలు సున్నాలా చుట్టి ఊదింది. ఉత్త గాలి. మళ్ళీ ఊదింది. తుంపర ఆయన మొహాన పడింది. బావ చిరాగ్గా తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో అక్క గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. ఇలా అని చూపించడానికి వంకర పోయిన పెదాలు కూడగట్టుకుని ఊదాడు.

సన్నగా, సగంలో తెగిపోతూ, ఈల వచ్చింది.