రసమట్టం గారి వాక్కాయ కంచె

ముప్పై ఏళ్లు కట్టడాల దగ్గర సూపర్‌వైజరుగా మేస్త్రీల ప్రాణాలు తోడిన మనిషి, రిటైరయ్యాక పొదల మీద పడ్డాడు. గోడ వాలు చూసే రసమట్టాన్ని ఇంకా జేబులో వేసుకునే తిరుగుతాడు కాబట్టి, వీధిలో ఆయన పేరే రసమట్టం గారు.

ఇంటి చుట్టూ వాక్కాయ పొదలు నాటాడు. ఈ నేలలో పుట్టిన మొక్కలు నీళ్ల కోసం ఏడవవనీ, పిట్టలకు తిండి, మనకు పళ్లు ఇస్తాయనీ దొరికినవాడికల్లా పాఠం చెప్పేవాడు. ఏడేళ్లయినా ఒక్క కాయ లేదు. వాక్కాయ కొమ్మ చివర పూస్తుంది. ఈయన ప్రతి ఆదివారం సరిగ్గా ఆ చివర్లే కత్తిరించి, పైన రసమట్టం పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా సరిచేసేవాడు.

“చివర్లు వదలండి మహాప్రభో, పూతొచ్చేది అక్కడే,” అని భార్య మొత్తుకునేది. తన పెరట్లో నల్లగా మాగిన పండొకటి తన చేత్తో తెంపుకోవాలని ఆమె ఆశ.

“నర్సరీవాడు మగ మొక్కలు అంటగట్టాడే. నీకేం తెలుసు?”

వాక్కాయలో ఆడా మగా ఉండవు. తెలియకపోవడం ఆయన్ని ఎప్పుడూ ఆపలేదు.

ఆ ఏడు పొద పైభాగం కొలుస్తూ స్టూలు మీంచి జారి, కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక సరిగా అతక్క మళ్లీ కట్టు. మొత్తం నాలుగు నెలలు. ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఆవిడే. ఈలోగా పొదలు ఇష్టమొచ్చినట్టు పెరిగి, తెల్లగా పూసి, గుత్తులుగా కాసి ఎర్రబడ్డాయి. తోటల సంఘం వాళ్లు చూడటానికి వచ్చారు.

“ఎలా కాయించారండీ?”

“అంతా చేతిలో ఉంటుందండీ.”

“అవునండీ, కట్టులో ఉంటుంది,” అంది ఆవిడ వెనకనుంచి.

మర్నాడు కట్టు విప్పారు. ఇల్లు చేరగానే కత్తెర తీశాడు. ఆవిడ లోపలినుంచి వచ్చేసరికి సగం కంచె చదునైంది. ఎర్రకాయలు కాళ్లకింద దొర్లుతున్నాయి.

“పది రోజులాగితే నల్లబడేవి కదండీ!”

“ఈ అడవి పెట్టుకుని పది రోజులు తలెత్తుకు తిరగమంటావా?”

ఆవిడ కుర్చీ తెచ్చి, మిగిలిన సగం ముందు వేసుకుని కూర్చుంది.

“లేవవే. జానెడు తేడా కనబడటం లేదా?”

“కోసుకోండి. ఆ చెయ్యి మళ్లీ విరిగితే మాత్రం, ఈసారి నోట్లో ముద్ద పెట్టేది నేను కాదు.”

ఆయన కత్తెర చూసుకున్నాడు, చెయ్యి చూసుకున్నాడు. ఏడేళ్ల సిద్ధాంతం తిండి పేరు చెప్పగానే తోక ముడిచింది.

పదకొండో రోజున ఆవిడ ఒక నల్లటి పండు తెంపి, కారిన పాలు కొంగుతో తుడిచి, అక్కడే నిలబడి తింది. ఆయనకు పెట్టలేదు. వీధిలో మాత్రం ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు: సగం కోసి సగం వదలడం తన ప్రయోగమట, ఫలితం తనకు ముందే తెలుసట.