లాయరు గారి గోత్రం

ఆ రోజుల్లో, ఎవరూ అడగకుండానే సంబంధాలు కుదర్చడం మాకో వ్యసనంగా ఉండేది. మాకు అంటే నాకూ, మా చిన్నత్తకూ. నేను కొత్తపేటలో ఇంటర్ రెండో సంవత్సరం వెలగబెడుతున్నాను. అత్త మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. మావయ్యకు కువైట్‌లో ఉద్యోగం కావడంతో ఆవిడ మా పక్క వాటాలోనే ఉండేది. మేం సంబంధాలు చూసింది ఊళ్లోవాళ్లకు కాదు (వాళ్లకు చూసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు), సాయంత్రం సీరియల్లో మనుషులకు.

హీరో హీరోయిన్ల గొడవ మాకు పట్టేది కాదు. వాళ్లు ఎలాగూ కలుస్తారు. మా ధ్యాసంతా హీరో తరఫు లాయరు ప్రకాశ్ మీద, హీరోయిన్‌తో పాటు బ్యాంకులో పనిచేసే నిర్మల మీద. నిజానికి ఆ ఇద్దరూ మాట్లాడుకున్నదే బహు తక్కువ. ఒకసారి వానలో లాయరు తన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి, తాను తడుస్తూ వెళ్లిపోయాడు. అంతే! రాసినాయనకు ఆ గొడుగు మళ్లీ గుర్తు కూడా వచ్చి ఉండదు. మేం మాత్రం ఫోన్లో ఆ సీను ఆపి ఆపి చూసేవాళ్లం. "ఇచ్చేటప్పుడు ఆ అబ్బాయి చూపు ఎక్కడుందో చూడవే" అనేది అత్త. "ఆవిడ థాంక్స్ చెప్పలేదు, గమనించేవా? పరాయివాళ్లకైతే చెప్పును కదా!" అనేదాన్ని నేను. పెళ్లయ్యాక కాపురం ఎక్కడ పెట్టాలో కూడా తేల్చేశాం. కోర్టుకు దగ్గరగా ఉండాలి కాబట్టి అమలాపురంలో (కథ జరిగేది హైదరాబాద్‌లో అన్న సంగతి మాకు అడ్డు రాలేదు). మా అమ్మ వంటింట్లోంచి "అత్తా మేనకోడళ్లిద్దరికీ మతులు పోయేయి" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

ఇంతలో పిడుగు పడింది. వచ్చేవారం నిర్మలకు పెళ్లిచూపులట! పెళ్లికొడుకు ఎవరో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న వ్యాపారి. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. నేను సంఘీభావంగా సగమే తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే అత్త వెనకాలే వచ్చి, "రేపు ఐనవిల్లి పోదామే. వినాయకుడికి చెప్పుకుందాం" అంది. పరీక్షలకు స్వామి దగ్గర పెన్నులు పెట్టించాలని ఇంట్లో చెప్పి, స్కూటీ మీద బయల్దేరాం (పెన్నులు నిజంగానే కొన్నాం, అబద్ధమాడామని అనకండి).

గుళ్లో రద్దీగా ఉంది. మా వంతు రాగానే అర్చకులు గారు, "పేరు, గోత్రం చెప్పండమ్మా" అన్నారు.

"ప్రకాశ్ అండీ. గోత్రం తెలీదండీ" అంది అత్త.

"ఫర్వాలేదు. తెలియకపోతే కాశ్యపస గోత్రం అని చెబుతాం. రెండో పేరు?"

"నిర్మలండీ. ఆ అమ్మాయిదీ తెలీదండీ."

"అయితే అదీ కాశ్యపసే. ఏం కోరిక తల్లీ?"

"ఆళ్లిద్దరికీ పెళ్లవ్వాలండీ."

అక్షతలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇద్దరిదీ ఒకే గోత్రమైతే పెళ్లేమిటమ్మా? అన్నాచెల్లెళ్ల వరస కదా!"

క్యూ మొత్తం మా మీదికి వంగింది. వెనకాల ఓ ముసలావిడ, "పాపం, పెద్దోళ్లు ఒప్పుకోటల్లేదా ఏంటమ్మా? కుర్రోడేం చేత్తాడు?" అని అడిగింది.

"ఆయ్, లాయరండీ" అంది అత్త భక్తిగా.

నేను నేలలోకి కూరుకుపోతున్నాను. అత్త ఒక్క క్షణం తడబడి, గబగబా అనేసింది. "ఇప్పుడు గుర్తొచ్చిందండీ. అబ్బాయిది పైడిపాల గోత్రం, అమ్మాయిది జనకుల గోత్రమండీ."

జనకుల గోత్రం మాది. పైడిపాల మావయ్య వాళ్లది. అత్తకు ఈ లోకంలో తెలిసిన గోత్రాలు ఆ రెండే. అర్చకులు గారు తృప్తిగా ఆ రెండు గోత్రాలూ గట్టిగా చదివి అర్చన చేశారు. తిరిగొస్తూ, "అత్తా, ఇప్పుడీ పుణ్యం ఎవరికి పోద్ది?" అని అడిగాను. "ఎవరికో పోద్దిలే. నోరు మూసుకుని బండి చూసి నడుపు" అంది.

పెళ్లిచూపులైన వారం తిరక్కుండా నిర్మల మెడలో ఆ వ్యాపారి తాళి కట్టేశాడు. లాయరును ఏదో కేసు మీద ఢిల్లీ పంపారు. మనిషి మళ్లీ కనిపించలేదు. నేను దిండులో మొహం పెట్టి ఏడ్చాను, వినాయకుడి మీద అలిగాను. అత్త మాత్రం ఏడవలేదు. ఆ శుక్రవారం మావయ్య ఫోన్ చేశారు. ప్రతి శుక్రవారం చేసేవారు. గ్యాస్ వచ్చిందా, మోటారు బాగుచేయించావా, ఇవే వాళ్ల మాటలు. ఆ రోజు అత్త గ్యాసు ఊసెత్తలేదు. "ఎప్పుడొత్తారండీ?" అంది. అంతే. అవతల మావయ్య ఏమన్నారో నాకు వినబడలేదు. తర్వాత అత్త గోడ వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. అలా నవ్వగలదని నాకప్పటిదాకా తెలియదు. మామిడికాయలు దిగే వేళకు మావయ్య సెలవు పెట్టుకుని వచ్చారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇంటర్ పిల్ల మీద నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ముక్కూమొహం తెలియని నటుడి చూపు ఎటుందో ఆపి ఆపి కనిపెట్టేసింది గానీ, అదే సోఫాలో తనకు భుజం ఆనించి కూర్చున్న మనిషి వైపు ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇవాళ్టికీ ఏ సిరీస్ చూసినా పక్కపాత్రలకు పెళ్లిళ్లు కుదురుస్తూనే ఉంటాను. కాకపోతే ఇప్పుడు మధ్యలో ఆపి, నాతోపాటు చూస్తున్నవాళ్ల మొహం ఒకసారి చూస్తాను.