ఊరు కాపలా కాసిన డబ్బా

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా వదిన, ఓడలో పనిచేసే వాళ్ళన్నయ్య ఇచ్చిన జీపీఎస్ అనే దారి చూపే యంత్రాన్ని ఆకాశంలోకి ఎత్తి పట్టుకునేది. శాటిలైట్లు అందేదాకా చెయ్యి దించేది కాదు, ఎవరు పిలిచినా పలికేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

జియోకాషింగ్ అనే ఆటను ఆమె రావులపాలెం నెట్ సెంటర్లో పట్టుకుంది. ఒకరు డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైట్లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్ళు అందులోంచి ఒక వస్తువు తీసుకుని, బదులుగా తమది ఒకటి పెట్టాలి.

వదిన మా కాలువ లాకు గోడ సందులో స్టీలు డబ్బా దాచింది. ఎండాకాలం కాలువకి నీళ్ళు కట్టేశాక, పూడిక తీసేవాళ్ళకి అది దొరికింది. లోపల గాజులు, గుడ్డబొమ్మ. చేతబడి అంటూ ఊరంతా గట్టు మీద చేరింది.

"తగలబెట్టండ్రా!" అన్నాడు పెదనాన్న.

వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నేనే దాచానండి, ఆటకి."

"కోడలివి, నీకిదేం ఆటమ్మా?"

"మీరు పేకాడితే నేనడిగానా మావయ్యగారూ?"

అందరూ చూస్తుండగా డబ్బాలో గాజులు చేతికేసుకుంది. తన పాతవి అందులో పెట్టి, మళ్ళీ అదే సందులో దోపింది.

"ఇంతమంది చూశాక ఎవడైనా ఎత్తుకుపోడూ?" అన్నాడు పెదనాన్న.

"ఎవరు ముట్టుకుంటారండి? చేతబడని మీరే చెప్పారుగా!"

చోటు సరిచూసుకోవడానికి జీపీఎస్ పైకెత్తింది. శాటిలైట్లు అందేదాకా ఊరంతా నోరు మూసుకుని నిలబడింది.